పదమూడో పేరు

గురువారం పొద్దున ఆఫీసుకు వస్తూనే ఆమె చేసిన మొదటి పని, పదమూడో నంబరు ఎదుట ‘రాలేదు’ అని కొట్టడం. పైన పన్నెండు గడుల్లోనూ ‘వచ్చారు’ అని ఉంది. ఆ ఒక్క గడిలోనే మాట మారింది. ప్రింటరు కాగితాన్ని వెచ్చగా బయటికి తోసింది. ఆ వెనకే రెండో కాగితం కొట్టింది. పదమూడో నంబరు వారు గడువులో హాజరు కానందున, ఆ గది వెయిటింగు లిస్టులో మొదటి పేరుకు ఇవ్వడమైనది. ఆ మొదటి పేరు ఆమె మరిదిది. చెల్లెలి మొగుడిది.

రెండో కాగితం కొట్టేటప్పుడు వేళ్ళు మామూలు కంటే మెల్లగా కదిలాయి. తప్పు పడకూడదని అలా కొడుతున్నాననుకుంది. ఎక్కడా తప్పు పడలేదు.

ఆఫీసులో ఆమెను ఇప్పటికీ టైపిస్టు అనే పిలుస్తారు. టైపు మిషన్లు పోయి చాలా కాలమైంది. ఇప్పుడామె ఆఫీసు వెబ్ పేజీ చూసుకుంటుంది. ఆ పేజీలో పైన ఒక వరస నడుస్తూ ఉంటుంది. పగుళ్ళిచ్చిన పాత మేడల్లో ఉండేవాళ్ళకు కొత్త క్వార్టర్లలో గదులిస్తున్నారు. ఎవరి వంతు వచ్చిందో వాళ్ళ పేరు, నంబరు, ఫైలు నంబరు ఆ వరసలో కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అదే పేజీకి ఇంకో నకలు హాలులో పెద్ద స్క్రీను మీద ఉంటుంది. హాలులో మూడు రోజులు పేరు నడిస్తే కబురు అందినట్టే లెక్క. ఆ మూడు రోజుల్లో కౌంటరు కిటికీ దగ్గరికి రాకపోతే వంతు పోతుంది. ఉత్తరాలు పంపడం మానేసి రెండేళ్ళయింది.

వరసను నడిపే స్క్రిప్టు ఆమె రాసిందే. తొమ్మిది లైన్లు. వరసను కుడి అంచుకు అవతల నిలబెట్టడం, గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఒక్క చుక్క మేర ఎడమకు జరపడం, ఎడమ అంచు దాటి రెండువేల నాలుగువందల చుక్కలు పోయాక మళ్ళీ తెచ్చి కుడివైపు నిలబెట్టడం. అంతే. రోజూ సాయంత్రం తన బల్ల దగ్గరున్న స్క్రీను మీద ఒక చుట్టు మొత్తం చూసి, రిజిస్టరులో ‘పూర్తిగా చూపబడినది’ అని రాసి సంతకం పెడుతుంది. చూడకుండా ఒక్కరోజు కూడా పెట్టలేదు.

పదకొండు గంటలకు కిటికీ దగ్గర మాటలు వినబడ్డాయి. అటెండరు గొంతు, ఇంకెవరిదో మెత్తటి గొంతు. కాసేపటికి అటెండరు తలుపు నెట్టి తొంగిచూశాడు.

“టైపిస్టమ్మా, ఒక్కసారి ఇటు రా. దర్జీగారు మన మీద కేసేసేట్టున్నాడు.”

కిటికీ అవతల నిలబడ్డ మనిషిని ఆమె ఆ కిటికీలోంచే చూసి ఎరుగును. సోమవారం నుంచి హాలులో రెండో వరస చివరి కుర్చీలో కూర్చుంటున్నాడు. ఒళ్ళో చొక్కా గుడ్డ, చొక్కా జేబుకు గుచ్చిన సూదులు, చూపుడువేలికి తొడిగిన ఇనప టోపీ. కూర్చున్నంతసేపూ కాజాలు కుడుతూనే ఉంటాడు. అతనిదే పదమూడో నంబరు.

తను మూడు రోజులూ తలుపు తీసిన దగ్గర్నుంచి వేసేదాకా అక్కడే ఉన్నానని, పేరు రాలేదని అతను చెప్పుకుంటున్నాడు. గొంతు పెంచి కాదు. అడ్రసు తప్పిన మనిషి దారి అడిగినట్టుగా చెప్పాడు. అటెండరు చేతిలో ప్రింటు కాగితం ఊపాడు.

“చూపంతా గుడ్డ మీద పెట్టి, బోర్డు మీద ఏం రాలేదంటే ఎట్లా బాబాయ్? పైగా మొన్ననే మీలాంటి వాళ్ళ కోసం మా టైపిస్టమ్మ హాలు బోర్డులో అక్షరాలు రెట్టింపు చేసి పెట్టింది. ఇంకాస్త పెంచితే గోడ చాలదు.”

వెనక బెంచీ మీద ఒకరిద్దరు నవ్వారు. దర్జీ కూడా కొంచెం నవ్వాడు, నవ్వాలి కాబట్టి. ఆ తరవాత ఆమె వైపు చూశాడు.

“మీరు చూశారా అమ్మా?”

“చూశాను,” అంది ఆమె. “మూడు రోజులూ వచ్చింది. నేను చూసే సంతకం పెట్టాను.”

అది అబద్ధం కాదు. అందుకే గొంతు తొణకలేదు. దర్జీ తల ఊపాడు. తన కళ్ళకూ ఆమె కళ్ళకూ మధ్య తీర్పు చెప్పమంటే ఆమె కళ్ళకే చెప్పేశాడు. శనివారం పొద్దున మేడకు సీలు వేస్తారు కదా, మూడో అంతస్తులోంచి కుట్టు మిషను దించాలి, దించితే ఎక్కడ పెట్టాలి అని అడిగాడు. అటెండరు కాస్త మెత్తబడి, క్షమించమని ఒక అర్జీ పెట్టుకుంటే లిస్టు అడుక్కి పోకుండా మధ్యలోనన్నా వేస్తారేమో, రేపు రమ్మన్నాడు.

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. తన స్క్రీను మీద వరస నడుస్తోంది. పదమూడో పేరు స్పష్టంగా వచ్చి స్పష్టంగా వెళ్ళిపోయింది. చూసి, ఎందుకో ఇంకో చుట్టు కూడా చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. పోయిన వానల్లో చెల్లెలు వాళ్ళ మేడ ఖాళీ చేయించినప్పటి నుంచి చెల్లెలు, మరిది, నాలుగేళ్ళ పాప ఇక్కడే. గది మధ్య గీత గీసినట్టు ఒక చీర కట్టి ఉంటుంది. ఇవాళ ఆ చీర లేదు. చెల్లెలు దాన్ని నేల మీద పరిచి గిన్నెలన్నీ అందులో పెట్టి మూట కడుతోంది. ముడి బిగించడానికి మోకాలు ఆనించి రెండు చేతులా లాగుతోంది.

“ఇంత తొందరేంటే, తాళం ఇంకా ఇవ్వలేదు,” అంది ఆమె.

“ఇచ్చేదాకా ఆగితే నాకు పిచ్చెక్కుతుంది అక్కా. గోడకు మేకు కొట్టుకునే ఇల్లు కావాలి నాకు. ఇక్కడ మేకు కొట్టాలంటే నిన్ను అడగాలి. నువ్వు కొట్టుకో అంటావు. కానీ మొహం అదోలా పెడతావు.”

ఆమెకు నవ్వొచ్చింది. నిజమే. మొహం అదోలా పెడుతుంది. ఏడాదిగా ఈ గదిలో తను ఒంటరిగా ఒక్క గంట కూర్చోలేదు. స్నానాల గదిలో గొళ్ళెం పెట్టుకుని ఊరికే నిలబడిన రోజులున్నాయి. చెల్లెలు వెళ్ళిపోతే ఎంత బాగుంటుందో అని అనుకున్నందుకు తనను తాను తిట్టుకుని, ఆ తిట్టుకోవడంతో సరిపెట్టుకుని, మళ్ళీ అదే అనుకునేది. చెల్లెలికి ఇల్లు రావాలని దండం పెట్టుకున్నప్పుడు ఆ దండంలో సగం తన కోసమే.

“పదమూడో మనిషెవరో రాలేదటగా,” అంది చెల్లెలు ముడి మీద ఇంకో ముడి వేస్తూ. “పాపం, ఏమైపోయాడో.”

“దర్జీ,” అంది ఆమె. “అక్కడే కూర్చున్నాడు. చూసుకోలేదు.”

చెల్లెలు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ లాగింది. పాప మూట ఎక్కి కూర్చుని బండి తోలుతోంది.

శుక్రవారం పొద్దున హాలు స్క్రీను మీద దుమ్ము పేరుకుందని, తడిగుడ్డ పెట్టాలంటే భయంగా ఉందని అటెండరు చెబితే, ఆమె మెత్తటి గుడ్డ తీసుకుని తనే వెళ్ళింది. హాలులోకి ఆమె వెళ్ళేది తక్కువ. పేజీని తన బల్ల దగ్గర నుంచే మారుస్తుంది. పోయిన శుక్రవారం ఒక్కసారి వచ్చి, పెరిగిన అక్షరాలు దూరానికి ఆనుతున్నాయా లేదా చూసి వెళ్ళింది. అప్పుడు వరసలో నాలుగే పేర్లు.

దర్జీ అదే కుర్చీలో ఉన్నాడు. అర్జీ పెట్టుకోవడానికి వచ్చాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాక కాజా కుడుతున్నాడు. గుడ్డ అంచు చీల్చి, చీలిక చుట్టూ దారం తిప్పి, ప్రతి కుట్టుకూ బొటనవేలితో ముడి నొక్కుతున్నాడు. ఆమెను చూసి కొంచెం లేచినట్టు చేసి కూర్చున్నాడు.

కుర్చీ వేసుకుని ఎక్కి స్క్రీను పైభాగం తుడిచింది. దిగి, మరకలున్నాయేమోనని నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసింది. ఈ వారం వరస శనివారం దాకా మార్చరు. పెద్ద పెద్ద అక్షరాలు తాపీగా నడుస్తున్నాయి. తొమ్మిది. పది. పదకొండో పేరు గోడ మధ్యకు వచ్చింది. పన్నెండోది కుడి అంచులోంచి లోపలికి అడుగుపెట్టింది. దాని వెనక పదమూడో అంకె రావాలి.

స్క్రీను ఒక్కసారి ఖాళీ అయింది. కుడి వైపు నుంచి ఒకటో పేరు బయల్దేరింది.

గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ తలెత్తలేదు. చుట్టు అయిపోయి మళ్ళీ మొదలైందనే అందరూ అనుకుంటారు. ఆమె అక్కడే నిలబడి ఇంకో చుట్టు చూసింది. మూడున్నర నిమిషాలు. పన్నెండోది అడుగుపెట్టింది, స్క్రీను ఖాళీ అయింది.

రెండువేల నాలుగువందలు. హాలు నకలులో అక్షరాలు రెట్టింపయ్యాయి, వరస పొడుగు రెట్టింపయింది. అంకె మాత్రం పాతదే. తన బల్ల దగ్గర చిన్న అక్షరాల వరస ఆ కొలతలో హాయిగా పట్టింది. ఇక్కడ సగంలోనే తెగిపోయింది. నేను చూశాను అని తను చెప్పింది ఇంకో స్క్రీను గురించి.

ఆమె తన గదిలోకి పరిగెత్తలేదు. మామూలుగానే నడిచి వెళ్ళింది. కూర్చుంది. స్క్రిప్టు తెరిచింది. ఏడో లైనులో అంకె చెరిపి ఆరువేలు అని కొట్టింది. సేవ్ చేసింది. లేచి వెళ్ళి హాలు పేజీని రిఫ్రెష్ చేసి వచ్చి కూర్చుంది. ఇదంతా చేతులే చేశాయి. గొంతులో ఏదైనా అడ్డుపడితే ఎలా దగ్గుతామో అలా చేశాయి. అయ్యాక ఒంట్లోకి ఎంతో హాయి దిగింది. సరిచేశాను, ఇక ఎవరికీ ఇలా జరగదు అనుకుంది. ఆ మాటలో ‘ఇక’ అన్నది ఎంత నున్నగా దొర్లిపోయిందో గమనించి భయపడింది.

ఎవరికీ తెలియదు. తెలిసే దారి కూడా లేదు. మధ్యాహ్నం తాళం ఇస్తారు. రేపు ఈపాటికి తన గదిలో తను ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఆ గది కళ్ళ ముందుకు వచ్చింది. చీర కట్టని గది. మధ్యలో ఒక కుట్టు మిషను ఉంది.

తలుపు దగ్గర అలికిడైంది. దర్జీ.

“అర్జీ మీరే కొట్టిపెడతారని చెప్పాడమ్మా అటెండరుగారు.”

కూర్చోమంది. అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. చెప్పమంది. అతను రాత్రంతా అనుకుని వచ్చినట్టు గడగడా చెప్పాడు. అయ్యా, నా పేరు స్క్రీను మీద వచ్చినప్పుడు నేను ఏమరుపాటుగా ఉన్న మాట వాస్తవం. ఆమె కొట్టింది. పని మీద ధ్యాసతో చూసుకోలేదు. కొట్టింది.

“మూడు రోజులూనా?” అంది తలెత్తకుండా. “ఒక్కసారైనా కంటబడకుండా పోతుందా?”

అతను ముందుకు వంగాడు. ఆ విషయం ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నట్టుంది.

“అదే నేనూ ఆలోచించానమ్మా. నిద్ర పట్టలేదు. చివరికి తట్టింది. కాజా ఒకటి కుట్టడానికి నాకు ఇంత టైము పడుతుంది. ముప్పై ఏళ్ళుగా అంతే, ఎక్కువా లేదు, తక్కువా లేదు. మీ వరస ఒక చుట్టు రావడానికీ అంతే పడుతుంది. ఇవాళ చూసుకున్నాను. కాజా అయ్యాక తలెత్తుతాను, అప్పుడు మొదటి పేర్లు. తల వంచుతాను, అప్పుడు నా పేరు. రెండూ జోడెడ్లలా నడిచాయి. తప్పు నాదే. గుండీలు కుట్టుకున్నా సరిపోయేది. గుండీ తొందరగా అవుతుంది.”

ఆ చివరి మాటకు తనే నవ్వాడు. ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. తను చేసిన తప్పును ఈ మనిషి రాత్రంతా మేలుకుని, కొలతలు తీసి, తన ఒంటికి సరిపోయేట్టు కుట్టుకున్నాడు. ఎక్కడా పిగిలిపోకుండా.

“రండి,” అంటూ లేచింది. “మీ పేరు రాలేదు. మీరు చూడకపోవడం కాదు. రాలేదు.”

అతనికి అర్థం కాలేదు. అయినా లేచి వెనకే వచ్చాడు. హాలులో స్క్రీను ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. అక్షరాలు పెంచాననీ, అంకె పెంచలేదనీ. మాట సగంలో ఉండగానే పన్నెండో పేరు దాటింది. దాని వెనకే పదమూడో అంకె, అతని పేరు, పూర్తిగా, నింపాదిగా గోడ మీదికి వచ్చాయి.

దర్జీ దాన్ని చివరి అక్షరం దాకా చదివాడు. మొహంలో ఉన్న కాస్త సందేహం కూడా పోయింది.

“అదిగో, వచ్చింది కదమ్మా,” అన్నాడు. “మీరు నా మీద జాలితో ఏదో చెబుతున్నారు. వద్దమ్మా. ఉద్యోగాల మీదికి తెచ్చుకోకండి.”

అరగంట కిందట తను పెట్టిన ఆరువేలు ఇప్పుడు గోడెక్కి అతనికి ఎదురు సాక్ష్యం చెబుతోంది. తుడిచేసింది తప్పును కాదు, దాని జాడను.

నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది. ఆయన ఫోను పక్కన పెట్టి విన్నాడు. విని, నమ్మలేదు. లేచి గది గుమ్మం దగ్గర నిలబడి హాలు వైపు ఒక చుట్టు చూశాడు.

“శుభ్రంగా వస్తోంది కదమ్మా.”

“ఇప్పుడు వస్తుంది సార్. పొద్దున నేను మార్చాను.”

“అతను అర్జీ పెట్టుకుంటున్నాడు, తనే చూసుకోలేదని. రిజిస్టరులో మూడు సంతకాలూ మీవే. ఆ గది మీ వాళ్ళకే వచ్చింది.” ఆయన గొంతు తగ్గించాడు. “ఎందుకు మీకిది? అయిపోయింది. అతన్ని మధ్యలో వేద్దాం. నేను చూస్తాను కదా.”

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె తప్పుకోవడానికి దారి వదిలి పక్కకు నిలబడ్డాడు, అంతే. ఆ దారి ఎంత దగ్గరగా ఉందో ఆమెకు కనబడింది. ఒక్క అడుగు. సరే సార్ అంటే చాలు. చెల్లెలు మోకాలు ఆనించి బిగించిన ముడి కనబడింది. పాప బండి తోలడం కనబడింది.

“ఒక్క ఐదు నిమిషాలు ఇక్కడే ఉండండి సార్,” అంది.

తన గదిలోకి వచ్చింది. ఏడో లైను తెరిచింది. ఆరువేలు చెరిపింది. చెయ్యి ఈసారి దానంతటది కదల్లేదు. ఒక్కొక్క అంకెనూ చూసి, వెతికి, కొత్తగా టైపు నేర్చుకునే మనిషిలా నొక్కింది. రెండు. నాలుగు. సున్నా. సున్నా. తెలిసి తెలిసి తప్పును తీసుకొచ్చి దాని చోట దాన్ని కూర్చోబెట్టింది. సేవ్ చేసి, రిఫ్రెష్ చెయ్యమని అటెండరును కేకేసింది.

హాలులో అందరూ నిలబడ్డారు. దర్జీ కూర్చున్న చోటి నుంచి లేచి ముందుకు వచ్చాడు. సూది జేబుకు గుచ్చేశాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. మూడున్నర నిమిషాలు అందరూ గోడనే చూశారు. ఎనిమిది. తొమ్మిది. పెద్దసారు గడియారం చూసుకున్నాడు. పదకొండు గోడ మధ్యకు వచ్చింది. పన్నెండు అడుగుపెట్టింది.

స్క్రీను ఖాళీ అయింది. ఒకటో పేరు బయల్దేరింది.

“ఓరి నీ...” అన్నాడు అటెండరు మెల్లగా, తనలో తను.

పెద్దసారు ఇంకో చుట్టు చూస్తానన్నాడు. చూశాడు. అప్పుడు ఆమె వైపు తిరగకుండానే, జరిగింది జరిగినట్టు రాసివ్వమనీ, సంతకాల సంగతి సోమవారం మాట్లాడదామనీ అన్నాడు. సోమవారం అన్న మాట నొక్కలేదు. నొక్కాల్సిన అవసరం లేదు. నిన్నటి కాగితాలు రెండూ రద్దయినట్టు ఆమే కొట్టింది. మరిది పేరు మళ్ళీ వెయిటింగు లిస్టులో మొదటికి వెళ్ళింది. పదమూడు గదులూ నిండిపోయాయి. ఇక ఆ లిస్టు ఎప్పుడు కదులుతుందో పెద్దసారుకు కూడా తెలియదు.

దర్జీ తాళం చీటీ తీసుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. థాంక్స్ చెబుతాడనుకుంది. చెప్పలేదు. ఈ వారమంతా అతని మొహంలో చూడనిదేదో ఇప్పుడు ఉంది.

“నిన్న మా ఆవిడ అడిగింది,” అన్నాడు. “నీకు నిజంగా కళ్ళు కనబడుతున్నాయా, ఇక కుట్టు మానేస్తావా అని. మానేస్తానన్నాను.” చేతిలోని చీటీని మడిచాడు. “నా కళ్ళను నేను అంత మాట అన్నానమ్మా.”

అతను చీటీని జేబులో పెట్టుకున్నాడు.

“ఆ అర్జీ ఇవ్వండి. సగం కొట్టింది. అది ఇక్కడ ఉండకూడదు.”

ప్రింటు తీయలేదని చెప్పింది. స్క్రీను అతని వైపు తిప్పి, అతను చూస్తుండగా ఒక్కొక్క లైనూ చెరిపేసింది. పని మీద ధ్యాసతో. ఏమరుపాటుగా. అయ్యా. తెల్ల పేజీ మిగిలాక అతను తల ఊపి వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని అడుగులు తొందరగా దిగాయి. మిషను దించాలి.

ఆఫీసు మూసే ముందు స్క్రిప్టు మరోసారి తెరిచింది. ఏడో లైనులో ఈసారి అంకె పెట్టలేదు. ఎప్పటికప్పుడు వరస పొడుగు ఎంతో పేజీయే కొలుచుకుని, చివరి అక్షరం అంచు దాటాకే తిరిగి రమ్మని రాసింది. ఇది మొదటి రోజే రాయగలిగేది. స్క్రిప్టు రాయడం నేర్చుకున్న పుస్తకంలో తరవాతి పేజీలోనే ఉంది. అప్పుడు నాలుగే పేర్లు, అంకె సరిపోయింది, పుస్తకం మూసేసింది. హాలులోకి వెళ్ళి ఖాళీ కుర్చీల మధ్య నిలబడి పదమూడు పేర్లూ చూసింది. రిజిస్టరు తెరిచింది. ‘పూర్తిగా చూపబడినది’ అని రాసి, సంతకం దగ్గర కొంచెంసేపు కలం ఆపి, పెట్టింది.

ఇంటికి వెళ్ళేసరికి మరిది తోపుడు బండి మాట్లాడటానికి వెళ్ళాడని చెల్లెలు చెప్పింది. మూటలు గుమ్మం దగ్గర వరసగా ఉన్నాయి. ఆమె చెప్పులు విడవకుండానే చెప్పింది, మొదటి నుంచి, ఏ ముక్కా దాచకుండా. చెల్లెలు గోడకానుకుని వింది.

“నిన్నెవరైనా అడిగారా అక్కా?”

“లేదు.”

“ఎవరికైనా అనుమానం వచ్చిందా?”

“లేదు. ఎవరికీ రాలేదు.”

చెల్లెలు చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకుంది, అరుస్తుందనుకుంది. రెండూ చెయ్యలేదు. గిన్నెల మూట ముందు కూర్చుని ముడి మీద గోళ్ళు పెట్టింది. ముడి మీద ముడి. కదల్లేదు. ఆమె కూడా పక్కన కూర్చుని చెయ్యి వేసింది.

“వదులు,” అంది చెల్లెలు తలెత్తకుండా. “నేను వేసిన ముడి. నేనే విప్పుకుంటాను.”

ఆమె చెయ్యి తీసేసింది. పాప వచ్చి మూట ఎక్కబోయి, ఇద్దరి మొహాలూ చూసి, ఎక్కకుండా నిలబడింది. చాలాసేపటికి ముడి వదులైంది. చెల్లెలు గిన్నెలన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, చీర దులిపి, నలిగిన చోట అరచేత్తో సాపుచేసింది. రెండు కొసలూ పట్టుకుని లేచింది. ఇటు మేకుకు ఒక కొస తగిలించింది. అటువైపు మేకు ఎత్తులో ఉంటుంది, ఆమెకు అందదు. రోజూ అక్కే తగిలిస్తుంది.

రెండో కొస పట్టుకుని, అక్క వైపు చూడకుండా, చెయ్యి చాచి నిలబడింది.